మంచె మీది గొంతు

ప్రభువు నామంలో కూడివచ్చిన పెద్దలకు, అక్కచెల్లెళ్లకు నా వందనాలు. భర్తను సమాధి చేసి వచ్చిన ఆడది ఏడుస్తుంది, ముద్ద దిగక కంచం పక్కకు జరుపుతుంది, అది లోకంలో ఉన్నదే. కానీ సహోదరులారా, సమాధి చేసిన ఆ మనిషి గొంతే పొద్దుగూకే వేళ చేను వైపు నుండి వినిపిస్తే ఆ ఆడది పోయి ఎవరితో చెప్పుకోవాలి? నాకు వినిపించింది! ఇక్కడ కూర్చున్నవాళ్లలో కొందరికి కూడా వినిపించింది గానీ, ఆనాడు ఒక్కరూ నోరు విప్పలేదు.

మా పల్లె చిట్యాల నుండి లోపలికి పోతే వస్తుందని మీకు తెలుసు. గుట్ట కింద మాకు మక్కచేను ఉంది. కంకి పాలు పోసుకుంటే చాలు, గుట్ట మీది అడవి పందులు పిలవని పెళ్లికి వచ్చినట్టు మందలుగా దిగుతాయి. మా బిడ్డ దీవెన వాళ్ల నాయిన ఏటా మంచె మీద కూర్చొని కావలి కాసేవాడు. ఆయన "హోయ్! ఎవలది? పో, పో!" అని కేకేస్తే ఊరి మొదటి ఇంటిదాకా వినిపించేది, మా కుక్క వాకిట్లో లేచి నిలబడి తోక ఆడించేది. ఒక తెల్లవారి నేను జొన్నరొట్టె కట్టుకొని చేనుకు పోతే, ఆయన మంచె గుంజకు ఆనుకొని కూర్చొనే ఉన్నాడు, చేతిలో బ్యాటరీ లైటు ఇంకా వెలుగుతూనే ఉంది, మనిషి మాత్రం చల్లబడిపోయాడు. గుండె ఆగిందన్నారు. నా గుండె కూడా అక్కడే ఆగిపోయింది గానీ, నన్ను దవాఖానకు తీసుకుపోయినవాళ్లు ఎవరూ లేరు!

మరుసటి వానకారుకు నేనూ, తొమ్మిదో తరగతి చదివే నా బిడ్డ దీవెనా కలిసి మళ్లీ మక్క పెట్టాము. పగలు కలుపు తీసేదాన్ని, పొద్దు వాలిందంటే మాత్రం ఆ మంచె వైపు చూడలేక ఇంటికి వచ్చి గడియ పెట్టుకునేదాన్ని. పందులు ఆడిందే ఆట అయింది. అలాంటి రోజుల్లో ఒక సాయంత్రం పొయ్యి ముందు కూర్చొని ఉన్నాను, చేను దిక్కు నుండి వచ్చింది ఆ కేక! "హోయ్! ఎవలది? పో, పో!" అదే గొంతు, అదే విరుపు. చేతిలో పుల్ల చేతిలోనే ఉండిపోయింది. వాకిట్లో కుక్క లేచి నిలబడి, చేను వైపు చూస్తూ తోక ఆడిస్తోంది, సహోదరులారా! నేను చెవులు మూసుకుంటే నా భ్రమ అనుకోవచ్చు, కుక్క తోకను ఏమనుకోను?

నేను లోపలికి పోయి గడియ వేసి ముసుగు పెట్టుకున్నాను. దీవెన ట్యూషన్‌కు పోయానని చెప్పి చీకటి పడ్డాక వచ్చింది, బిడ్డ భయపడుతుందని దానితో ఏమీ అనలేదు. ఆ గొంతు ఆ తరువాత కూడా వచ్చింది. వరుసకు మరిది, గొర్లు కాసే మల్లేశం ఒకనాడు వాకిట్లోకి వచ్చి అటూ ఇటూ చూసి, "వదినా, నేను జెప్పిన్నని ఎవ్వలకు జెప్పకు, అన్న కేకేస్తుండు. నా చెవులతోని ఇన్న, గొర్లు గూడ తలలెత్తి నిలవడ్డయ్. ఎవలికన్న జూపిచ్చుకో" అన్నాడు. యేసయ్యను నమ్ముకున్నదాన్ని, ఏ మంత్రగాడికి చూపించుకుంటాను? మోకాళ్లూనితే నోట మాట వచ్చేది కాదు. ఇది చాలదన్నట్టు, గూట్లో పెట్టి ఉంచిన ఆయన సద్ది డబ్బా మాయమైంది. సొట్ట పడిన పాత ఇత్తడి డబ్బా, దాన్ని దొంగ కూడా ముట్టడు. కేకలు వేసే మనిషి తన సద్ది తానే తీసుకుపోయాడా అనుకుంటే ఒళ్లంతా చెమటలు పట్టాయి!

ఇలా ఉండగా ఒక పగటిపూట బడి నుండి ఫోను వచ్చింది. "అమ్మా, దీవెన తల్లివేనా? జల్ది రా. నీ బిడ్డ బడికి బాంబు దెచ్చింది" అన్నారు. దోమను చంపమంటే దాని కోసం కిటికీ తెరిచే పిల్ల అది, బాంబు ఏమిటి, దీవెన ఏమిటి?

ఆటోలో పడి పోయాను. బడి ముందర పోలీసు జీపులు, గేటుకు అడ్డంగా తాడు. లోపల గ్రౌండులో బడి పిల్లలందరినీ వరుసగా నిలబెట్టారు, అంతమంది పిల్లలు ఉన్నా ఒక్క చప్పుడు లేదు. అంత నిశ్శబ్దం నేను ఏ సమాధుల దొడ్డిలో కూడా వినలేదు. నా బిడ్డ జీపులో ఇద్దరు ఆడ పోలీసుల మధ్య కూర్చొని, ఏడ్చి ఏడ్చి కళ్లు ఉబ్బి ఉంది. దాన్ని చూసి అటు ఉరకబోయాను, అంతలో మనిషి లేని ఆ బడి లోపలి నుండి, సన్నగా, గోడల నడుమ నుండి వచ్చింది: "హోయ్! ఎవలది? పో, పో!"

పొద్దుగూకే వేళ చేనులో కూసే గొంతు పట్టపగలు నా బిడ్డ బడిలోకి వచ్చింది! ఎస్సైగారు పిస్తోలు మీద చెయ్యి వేసి, "లోపల ఎవడున్నడు? చేతులు లేపి బయటికి రా!" అని గట్టిగా అరిచారు. లోపలి నుండి జవాబు వచ్చినట్టే వచ్చింది: "ఎవలది? పో, పో!" ఒక కానిస్టేబులు రెండడుగులు వెనక్కి వేశాడు. ఆయనను నేనేమీ అనను, నాకైతే వెనక్కి వేయడానికి కూడా కాళ్లు రాలేదు.

జరిగింది ఏమిటంటే, దీవెన సైన్సు సార్‌కు చూపిద్దామని ఒక డబ్బా తెచ్చింది. చుట్టూ నల్ల టేపు, పైకి తేలిన తీగలు, లోపల బ్యాటరీ. తీగ కలిపి పనిచేయిస్తుంటే హెడ్మాస్టరుగారు చూసి ఇదేమిటన్నారు. "పందుల కోసం సార్" అంది నా పిచ్చితల్లి. మన దిక్కు పందుల కోసం చేసిన డబ్బా అంటే ఏమిటో మీకు నేను చెప్పాలా? దొంగతనంగా వేటాడేవాళ్లు ఎరలో మందుగుండు పెట్టి చేన్లలో వదులుతారు, ఆ మధ్యనే పక్క ఊళ్లో ఒక బర్రె దాన్ని కొరికి దవడ పోగొట్టుకుంది. హెడ్మాస్టరుగారు పిల్ల రెండో మాట చెప్పేలోగా డబ్బా గుంజుకొని ఇనుప బీరువాలో పెట్టి తాళం వేశారు. పిల్లల దగ్గర ఏది పట్టుకున్నా బీరువాలో పెట్టి తాళం వేయడం బడి అలవాటు కదా, బాంబుకూ అదే మర్యాద! తాళం పడిందో లేదో, బీరువాలో నుండి టక్కుమని చప్పుడు, దాని వెంట మనిషి గొంతు. ఇంకేముంది, గంట కొట్టారు, పిల్లలను ఉరికించారు, పోలీసులకు ఫోను చేశారు.

కాసేపటికి జిల్లా నుండి బాంబులు చూసేవాళ్లు లావుపాటి అంగీలు తొడుక్కొని వచ్చి, పిల్లలను గేటు బయటికి పంపించి, పొడుగు కర్రతో డబ్బాను గ్రౌండు నడుమకు తెచ్చి పెట్టారు. ఎండలో అది నోరు మూసుకుంది. దాని మీద బరువైన దుప్పటి కప్పారు, వెంటనే మళ్లీ కేకేసింది! వాళ్లు అదిరిపడి దుప్పటిని తాడుతో దూరంగా లాగేస్తే మాట మధ్యలో తెగిపోయింది. కప్పితే పలకడం, తీస్తే ఊరుకోవడం! తాడును చూసి పాము అనుకున్నవాళ్లలా అందరూ కర్రలు వెతికారు గానీ, అక్కడ జీపులో ఏడుస్తున్న పిల్లను ఒక్క మాట అడుగుదామని ఎవరికీ తోచలేదు.

"కేసయితదమ్మా. ఎవలు జేసిచ్చిన్రో చెప్పేదాక ఇడువం, ఈ పొద్దే నల్లగొండకు తోల్తం" అన్నారు ఎస్సైగారు. హెడ్మాస్టరుగారు నా ముఖం చూడకుండా, "టీసీ ఇస్తాం, ఇక మా బడిలో ఉంచలేం" అన్నారు. సహోదరులారా, ఆ మట్టిలోనే మోకాళ్ల మీద పడ్డాను. అన్ని రోజులుగా తాళం పడిన నోరు అప్పుడు తెరుచుకుంది. "తండ్రీ! ఒకర్ని మట్టిల పెట్టి వచ్చిన, ఇంకొకర్ని జీపుల తీస్కపోతుంటె ఎట్ల జూడాలె? గా గొంతు నువ్వు పంపిందో, నన్ను మింగనీకి వచ్చిందో నాకు తెల్వది. ఇన్నొద్దులు దాన్నుంచి ఉరికిన. ఇయ్యాల నా బిడ్డ కోసం దాని దగ్గరికి పోత. నా ఎంట రా తండ్రీ!" అని ప్రార్థించి లేచాను. కాళ్లు వణుకుతూనే ఉన్నాయి, అబద్ధం చెప్పను. వణికే కాళ్లతోనే తాడు దాటాను.

బాంబులవాళ్లు అప్పటికి డబ్బా మీద మళ్లీ దుప్పటి కప్పారు. "ఓ అమ్మా, ఆగు! పేల్తది!" అని ఎస్సైగారు వెంట వచ్చారు.

"పేలది సార్. అది మా ఇంటాయన గొంతు" అన్నాను.

"యాడున్నడు మీ ఇంటాయన?"

"సమాధిల ఉన్నడు సార్."

ఎస్సైగారు మెల్లగా మా ఇంటాయన పేరు అడిగారు. పెళ్లయిన నాటి నుండి నేను ఆయన పేరు పలికినదాన్ని కాను, మన ఆడవాళ్ల పద్ధతి మీకు తెలుసు. ఆనాడు అందరి ముందర, "యాదయ్య" అన్నాను. అంతలో జీపులో నుండి నా బిడ్డ, "అమ్మా, అది నాయిన సద్ది డబ్బనే! చీకటైతె ఒర్లుతది, ఎలుగు పడితె ఊకుంటది! పొద్దుగాల సంది జెప్తున్న, ఎవ్వలు ఇంటలేరు!" అని అరిచింది.

నేను డబ్బా పక్కన కూర్చున్నాను. దుప్పటి కింద నుండి కేక వచ్చింది, ఇంత దగ్గరగా! వెనక తాడు లాగబోతుంటే చెయ్యి ఎత్తాను. "తియ్యకుండ్రి, జర పూర్తిగ ఇననియ్యుండ్రి. గిప్పుడు దగ్గుతడు సార్, ఆ మీద ప్రార్థన జేస్తడు" అన్నాను. కొత్త పెళ్లినాళ్లలో ఆ మంచె మీద ఆయన పక్కన కూర్చున్నదాన్ని, నాకు తెలియదా? ఎస్సైగారు నా పక్కన మోకాలు మడిచి కూర్చున్నారు. లోపల దగ్గు వినిపించింది. ఆ తరువాత తగ్గు గొంతుతో, దగ్గర ఉన్నవాళ్లకే వినపడేటట్టు, "యేసయ్యా, చేను నీది, కంకులు నీవి, నా ఇల్లు నీది. నువ్వే కావలుండు" అన్నాడు నా పెనిమిటి.

అంతవరకే నాకు తెలుసు. అక్కడితో అయిపోతుందనుకున్నాను, కాలేదు! మంచె మెట్టు కిర్రుమంది, గొంతు ఇంకా మెత్తబడింది. "ఎవలు? దీవెనా? భయపడకు బిడ్డా, నేనే. రొట్టె ఆడ వెట్టి ఇంటికి పో. చీకట్ల అమ్మ ఒక్కతే ఉంటది."

నేను ఆ డబ్బాను దుప్పటితో సహా ఒళ్లోకి లాక్కొని ఏడ్చాను. ఆయన పోయిన నాడు కూడా అలా ఏడవలేదు. ఎస్సైగారు టోపీ తీసి, తన చేతులతోనే దుప్పటి తొలగించి మూత తెరిచారు. లోపల ఆయన పాత ఫోను, ఆయన బ్యాటరీ లైటులోని బ్యాటరీ, కూరగాయల బండివాడు పారేసిన స్పీకరు, బయటి తీగల చివర వెలుతురును పసిగట్టే చిన్న బిళ్ల, అంతే! ఒకనాటి సాయంత్రం సద్ది తీసుకుపోయినప్పుడు నా బిడ్డ సరదాకు ఆ గొంతును ఫోనులో పట్టి పెట్టిందట. అమ్మ చీకట్లో చేనుకు పోలేకపోతోందని, నాయిననే కావలి పెడదామని చేసిందట, నేను వింటే ఏడుస్తానని దాచి, ట్యూషన్ పేరు చెప్పి చేనుకు పోయి పెట్టి వచ్చేదట! "కేసు లేదమ్మా, బిడ్డను తీస్కపో" అన్నారు ఎస్సైగారు. టీసీ మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. దేవునికే మహిమ!

బడివాళ్ల మీద నాకు పగ లేదు, వాళ్లకు అంతమంది పిల్లల భయం. కానీ నా బిడ్డ చాలా రోజులు జీపు చప్పుడు వింటే మంచం కిందికి దూరింది, స్క్రూడ్రైవరు ముట్టలేదు, అది కూడా మీకు చెప్పాలి. దాని కోసం మీరంతా ప్రార్థించారు, ఆ రుణం నేను మరువను. ఒకనాడు అదే వచ్చి, "అమ్మా, నాయినను మంచె మీద వెడ్దామా?" అంది. ఆ నాటి నుండి రోజూ నేనే పోయి పెడుతున్నాను. పందులు పోయాయా అని అడుగుతారు, పోయాయి, ఒక ముదురు పంది మాత్రం ఆయనకు లోబడలేదు, ఆయన బతికున్నప్పుడూ లోబడలేదు!

నా తల్లులారా, నా అన్నలారా, దూరం నుండి వింటే అది నాకు దయ్యం కేకలా వినిపించింది, దగ్గరికి పోతే ప్రార్థన వినిపించింది, ఇంకా కూర్చుంటే నా పేరున దాచిన ప్రేమ వినిపించింది. మీ ఇంటి మీదికి కూడా ఏదో ఒక కేక వస్తూనే ఉంటుంది. గడియ పెట్టుకోకండి. ప్రభువు చెయ్యి పట్టుకొని, వణికే కాళ్లతోనైనా సరే, దాని దగ్గరికి నడవండి, చివరిదాకా వినండి! ఆయన విడిచిపెట్టేవాడు కాడు.

ఇక నాకు సెలవిప్పించండి. పొద్దు వాలుతోంది, చేనుకు పోవాలి. నన్ను ఇంటికి పొమ్మని చెప్పే మనిషి అక్కడ ఎదురుచూస్తుంటాడు.