అమ్మకు సామి వచ్చిన రోజు

నిన్న కోవిల్‌పట్టి బస్సులో వేపాకు, పసుపు కలిసిన వాసన తగిలి, నా ఆరేళ్ళప్పటి మారియమ్మ జాతర గుర్తొచ్చింది.

ఆ ఏడు నా తమ్ముడు చనిపోయాక అమ్మ ఏడవలేదు, ఎవరితోనూ మాట్లాడలేదు, సరిగ్గా తినలేదు. అగ్గిపెట్టెల ఫ్యాక్టరీకి పోయి వచ్చేది, అంతే. ఆ రోజు గుడి ముందు మేళం మోగగానే జుట్టు విరబోసుకుని, సామి పూని ఊగిపోయింది. "నా బిడ్డ యాడ?" అని అరుస్తూ వెక్కి వెక్కి ఏడ్చింది. సామి అమ్మను తీసుకుపోతోందనుకుని నేను ఆమె చీర పట్టుకుని వేలాడాను.

"విడువు పాపా, మీయమ్మ తిరిగొస్తాది," అంది అవ్వ.

మొహాన నీళ్ళు చల్లాక అమ్మ కూలబడింది. నన్ను చూసి, "కూడు తింటివా?" అని మెల్లగా అడిగింది.

ఆమెలోకి ఎవరు వచ్చారో నాకు ఇప్పటికీ తెలియదు. ఆ మధ్యాహ్నం గుడి దగ్గర ఇద్దరం ఒకే ఆకులో తిన్నాం. అమ్మ రెండోసారి అన్నం అడిగి పెట్టించుకుంది.