అంచున రాసిన అంజూరపు పండ్ల ముద్ద

2021 జనవరిలో నేను డబ్లిన్‌లోని ఒక గ్రంథాలయంలో ప్రాచీన ప్రతుల విభాగంలో పనిచేస్తున్నాను. ఆ విభాగమంతా నా చేతుల మీదుగానే నడుస్తుందని ఇక్కడి తెలుగువాళ్లతో చెప్పుకునేవాణ్ణి. నిజానికి నా హోదా పరిరక్షణ సహాయకుడు. నా పైన ముగ్గురు అధికారులుండేవారు. నా కింద నేలమాళిగ తప్ప మరేమీ లేదు.

ఆ నెలలో కరోనా ఐర్లండ్‌ను మొదటిసారికన్నా గట్టిగా పట్టుకుంది. గ్రంథాలయం మూసేశారు. అయితే పాత ప్రతులకు సెలవులుండవు. గాలిలో తేమ పెరిగితే పపైరస్‌కు, అంటే రెల్లు పొరలతో చేసిన పాతకాలపు కాగితానికి, బూజు పడుతుంది, తగ్గితే పెళుసెక్కి పొరలు లేస్తుంది. అందుకని వంతులవారీగా ఒక్కొక్కరం వెళ్లి, తేమ కొలిచి, యంత్రాలు చూసి రావాలి. లోపల రెండో మనిషి ఉండకూడదు. దారిలో గార్డాలు, అంటే ఇక్కడి పోలీసులు, ఆపితే చూపించడానికి ఒక ఉత్తరం ఇచ్చారు. నాకేం భయమని ఇంట్లో చెప్పి బయలుదేరేవాణ్ణి. లూయస్ ట్రాములో ఎవరైనా దగ్గితే మాత్రం తరువాతి స్టాపులో దిగి నడిచి వెళ్లేవాణ్ణి.

మా దగ్గరున్న వాటిలో యెషయా గ్రంథానికి గ్రీకు అనువాదపు పపైరస్ ముక్కలు కొన్ని ఉండేవి. వాటిని రెండు గాజు పలకల మధ్య ఉంచుతారు. ముప్పై ఎనిమిదో అధ్యాయానికి సంబంధించిన పేజీ ఒకటి వాటిలో ఉంది. ఆ అధ్యాయంలో హిజ్కియా రాజుకు మరణకరమైన జబ్బు చేస్తుంది. ఇల్లు చక్కబెట్టుకోమని ప్రవక్త వచ్చి చెబుతాడు. రాజు గోడవైపు తిరిగి ఏడుస్తాడు. అప్పుడు దేవుడు అతని ఆయుష్షుకు మరో పదిహేనేళ్లు కలుపుతాడు. అధ్యాయం చివర, అంజూరపు పండ్ల ముద్దను పుండు మీద కట్టమని ప్రవక్తే చెప్పినట్టు ఉంటుంది.

ఒక మధ్యాహ్నం ఆ గాజు పలకల గదిలో ఉండగా ఫోను మోగింది. కింద సిగ్నలు సరిగా అందదు, మెట్ల మీదికి వచ్చి మాట్లాడాను. చేసింది ఊరి శివారు ఆడమ్స్‌టౌన్ నుంచి, మన తెలుగు సంఘంలోని సువర్ణ. ఆమె ఆసుపత్రిలో నర్సు. భర్త ప్రభుదాసు వృద్ధుల నర్సింగ్ హోములో కేరర్, ముసలివాళ్లను కనిపెట్టుకుని ఉండే పని. అక్కడే అతనికి కరోనా అంటుకుంది.

"అంకుల్, మీరు ఆ బైబిలు కాగితాల దగ్గరే ఉన్నారా?"

ఉన్నానన్నాను.

"అయితే ఈయనకి మీరే చెప్పండి. ఆక్సిజన్ తొంభై కంటే కిందికి పడిపోయింది. మా జీపీ డాక్టరమ్మేమో వెంటనే అంబులెన్స్ పిలవమంది. ఈయనేమో వద్దంటున్నాడు. వాళ్లొచ్చినా, మనిషి కాదంటే ఎత్తుకుపోరు గదండీ."

కారణం కూడా ఆమే చెప్పింది. డిసెంబరు ముప్పై ఒకటి రాత్రి ప్రార్థనలో మన క్రైస్తవ సంఘాల్లో ప్రతి కుటుంబానికీ బైబిలు వచనం రాసిన కొత్త సంవత్సరపు వాగ్దానపు కార్డు ఒకటి తీస్తారు. ఆ ఏడు జూమ్‌లో పాస్టరుగారే అందరి తరఫునా తీశారు. ప్రభుదాసుకు వచ్చింది హిజ్కియా పదిహేనేళ్ల వచనం.

అతను ఫోను తీసుకున్నాడు. మాటకూ మాటకూ మధ్య ఊపిరి వినిపిస్తోంది.

"దేవుడు పదిహేనేళ్లిచ్చాడు అంకుల్. ఇప్పుడు హాస్పిటల్‌కి పోతే... ఆ మాట నమ్మనట్టే గదా."

వాగ్దానం తెచ్చిన ప్రవక్తే మందు కూడా చెప్పాడు గదయ్యా, అంజూరపు ముద్ద సంగతి మరిచావా అన్నాను. గెలిచాననుకున్నాను.

"అది ఎవడో తరవాత ఇరికించాడని మీరే చెప్పారు గదా అంకుల్. క్రిస్మస్ మీటింగులో... తెర మీద ఫొటో కూడా చూపించారు."

చెప్పిన మాట నిజమే. కరోనాకు ముందటి క్రిస్మస్‌కు సంఘంవాళ్లు నన్ను పిలిచి పాత ప్రతుల మీద మాట్లాడమన్నారు. మృత సముద్రపు గుహల్లో దొరికిన యెషయా తోలు చుట్టలో ఆ చివరి రెండు వచనాలు వేరే చేతిరాతలో ఉంటాయి. పంక్తిలో మిగిలిన ఖాళీలో మొదలై, చోటు చాలక అంచు వెంబడి కిందికి దిగుతాయి. దీని మీద పండితుల్లో రెండు అభిప్రాయాలున్నాయి. తరువాతి కాలంలో చేర్చారనేది ఒకటి. మొదటి లేఖకుడు వదిలేసినదాన్ని మరొకరు సరిచూసి పూరించారనేది రెండోది. నేను మొదటిదే చెప్పాను. దానికైతేనే జనం నోళ్లు తెరుస్తారు. తెరిచారు కూడా. ఆ నోళ్లలో ఒకటి ఇప్పుడు గాలికోసం తెరుచుకుని ఉంది.

మా పపైరస్‌లో ఆ మాట నా కళ్లముందే ఉందని చెబుదామని నాలుక చివరిదాకా వచ్చింది. కానీ ఆ మాట ఉండవలసిన అడుగుభాగం ఎప్పుడో చిరిగిపోయింది. అబద్ధం ఆడకుండా ఆగింది నిజాయితీ వల్ల కాదు. ఫొటో పంపమంటాడేమోనని.

"ప్రభుదాసూ, నాకు హెబ్రూ రాదయ్యా," అన్నాను.

"రాదా?"

"అక్షరాలు పోల్చుకుంటాను, అంతే."

"మరి యెరూషలేము పోయి... ఆ చుట్ట చూశానన్నారు?"

"పోయాను. టూరు బస్సులో. ఆ హాలు మూసి ఉంది."

"ఇవన్నీ చెప్పడానికి ఇదా అంకుల్ టైము?" అని సువర్ణ వెనకనుంచి విసుక్కుంది.

పనిలో నేను నిజంగా నేర్చుకున్న సంగతి ఒక్కటే మిగిలింది. అది చెప్పాను. అంచున రాత ఉన్నంత మాత్రాన ప్రతి చెడిపోయినట్టు కాదు. ఎవరో దాన్ని మరో ప్రతితో పోల్చి చూశారని దాని అర్థం కావచ్చు. ఇక్కడ ఏది నిజమో నాకు తెలియదు, ఆనాడు తెలిసినట్టు మాట్లాడాను. రాజుల రెండో గ్రంథం ఇరవయ్యో అధ్యాయంలో ఇదే కథ ఉంది, అందులో ముద్ద అంచున లేదు, వాగ్దానం వెనువెంటనే ఉంది, సువర్ణ చేత చదివించుకో అన్నాను.

ఆమె చదివింది. పక్కగదికి వినిపించేంత గట్టిగా, కోపంగా చదివింది. ముద్ద కట్టిన తరువాతే రాజు బాగుపడ్డాడన్న మాట దగ్గర ఆగింది.

"మా హోములో నా చేత్తో అంబులెన్స్ ఎక్కించిన ముసలోళ్లు... ఎక్కువమంది తిరిగి రాలేదు అంకుల్," అన్నాడు చివరికి. "వాళ్ల బట్టలు కవర్లో వచ్చాయి. నేను పోతే వస్తానా?"

అంతవరకూ మేము వాదించుకున్నది వచనం గురించి కాదని అప్పటికి నాకు తెలిసింది. తెలియదన్నాను. ఇంట్లో ఉండిపోతావంటే మాత్రం నాకు భయంగా ఉందన్నాను.

"పిలువు సువర్ణా," అన్నాడు.

తరువాతి రోజుల్లో నేను చేసిన డ్యూటీ సరిగా గుర్తులేదు. తేమ కొలిచి, రాసి, మళ్లీ అనుమానం వచ్చి వెనక్కి వెళ్లి కొలిచేవాణ్ణి. వాగ్దానం పట్టుకుని కూర్చున్నవాణ్ణి ఒప్పించి పంపింది నేను. అక్కడ పోతే, ఆఖరికి ఆ వాగ్దానం కూడా లేకుండా చేసి పంపినవాణ్ణవుతాను. ఆసుపత్రిలో లోపలికి ఎవరినీ రానివ్వడం లేదు. నర్సై ఉండి కూడా సువర్ణ ఇంట్లో కూర్చుని, ఫోనులో వేరే నర్సు చెప్పే నాలుగు మాటల కోసం ఎదురుచూసింది.

ప్రభుదాసు వారాల తరువాత ఇంటికొచ్చాడు. కొన్ని నెలలపాటు మెట్లెక్కలేక కింది గదిలోనే పడుకున్నాడు. తనను బతికించింది వాగ్దానమేనని ఇప్పటికీ అంటాడు. ఆక్సిజనని సువర్ణ అంటుంది. నన్ను ఎవరూ అడగరు.

ఆ ఏడాదే రిటైరయ్యాను. ఆ తరువాత కూడా పాత ప్రతుల గురించి మాట్లాడమని అప్పుడప్పుడు పిలుస్తుంటారు. అంచున ఉన్న రాత గురించి చెప్పవలసి వస్తే, తెలియనిది ముందు చెప్పి, తెలిసింది తరువాత చెబుతాను. విననివాళ్లు మధ్యలో లేచి టీకి వెళ్తారు. వెళ్లనిస్తాను. మన మాట పట్టుకుని ఎవరు మంచం మీంచి లేవనంటారో చెప్పేటప్పుడు మనకు తెలియదు.