ముహూర్తానికి చేరిన పడవ

కండక్టరు ఉద్యోగం నుంచి మా నాన్న రిటైరయ్యారు గానీ, ఆయన విజిల్ మాత్రం రిటైరు కాలేదు. రెండువేల సంవత్సరం దాటాక ఆదివారాలు పొద్దున్నే జనాన్ని వెంటేసుకుని, బందరు కాలువ గట్టు మీద కథలు చెబుతూ నడిపించడం మొదలుపెట్టారు. మొదట నాతో పనిచేసే స్కూలు టీచర్లను నేనే తీసుకెళ్ళాను. తర్వాత వాళ్ళ ఇళ్ళల్లోవాళ్ళు, ఆ పక్కిళ్ళవాళ్ళు కూడా తయారయ్యారు.

లాకుల దగ్గర బయల్దేరి పటమట రేవు దాకా నడక. కృష్ణమ్మ పొంగి అమ్మవారి ముక్కుపుడకను అందుకుంటుందన్న కథ ఒకచోట. పడవలు ఆగిపోయాక భయపెట్టడానికి మనుషులు దొరక్క బెంగపెట్టుకున్న చింతచెట్టు దయ్యం కథ ఇంకోచోట. కథ అవగానే విజిల్ ఊది, "ముందుకి జరగండి, వెనకవాళ్ళకి చోటివ్వండి!" అనేవారు. అంత గట్టు మీద చోటుకేం కొదవ? అయినా అందరూ బుద్ధిగా జరిగేవాళ్ళు.

ఆఖరి కథ రేవు దగ్గర. అది ఆయన పెళ్ళి కథే. అప్పట్లో పడవకు తాడు కట్టి మనుషులు గట్టు మీద నడుస్తూ లాగేవాళ్ళు. ఉయ్యూరు వైపు నుంచి ఎదురు నీళ్ళలో వస్తున్న మగపెళ్ళివారి పడవ ఈ రేవుకి దిగువనున్న వేరే లాకుల దగ్గర ధాన్యం పడవల వెనక చిక్కుకుపోయింది. పెళ్ళికూతురి ఇల్లేమో ఈ రేవు పక్కనే. ఇక్కడ నాన్న గొంతు తగ్గించేవారు.

"ముహూర్తం ముంచుకొస్తోంది. పాపం, ఆ పిల్ల ఈ మెట్ల మీద కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చిందండీ. అమ్మవారి దయ, పడవ వేళకి చేరింది."

మా వీధిలో టైలరు సాయిబుగారు ఒక్క ఆదివారమూ మానేవారు కాదు. ఆ ప్రశ్నా మానేవారు కాదు. "మీరు పడవలో ఉన్నారు కదండీ, ఆవిడ ఏడ్చినట్టు మీకెలా తెలుసండీ?"

"ఏడవక నవ్వుతుందేంటండీ?" అని నాన్న దబాయించేవారు.

ఇంతమంది వింటున్నా నాన్న కోరిక ఒక్కటే: అమ్మ ఒక్కసారి వచ్చి వినాలి. నోరు తెరిచి రమ్మనడానికి మొహమాటం. శనివారం సాయంత్రం, "రేపు ఎండ ఉండదంట" అనేవారు. "అయితే గొడుగు వదిలేసి వెళ్ళండి" అనేది అమ్మ. ఆయన చెప్పేవన్నీ వింటూ కాపురం చేసింది చాలదా, నడుస్తూ కూడా వినాలా అని నాతో విసుక్కునేది. చప్పట్లు కొట్టించుకుని వచ్చిన మనిషి ఇంట్లోకి రాగానే డీలా పడిపోయేవారు. నాకు ఆయన మీద జాలి, అమ్మ మీద ఒళ్ళుమంట.

ఒక శనివారం సాయిబుగారు జాకెట్లు ఇవ్వడానికి వచ్చి, "ఆ రోజు మీరు ఏడ్చిన ఏడుపు వింటే మాకే కళ్ళనీళ్ళు తిరుగుతాయమ్మా" అన్నారు. అమ్మ జాకెట్లు అందుకుని లోపలికి వెళ్ళిపోయింది. మర్నాడు నాన్నకంటే ముందే చెప్పులేసుకుని వాకిట్లో నిలబడింది.

"పదండి. ఎవరేడ్చారో తేల్చుకుందాం."

ఆ వేళ నాన్న కంగారు చూసి తీరాల్సిందే. దయ్యాన్ని చింతచెట్టు ఎక్కించడమే మర్చిపోయారు. రేవు దగ్గరికి రాగానే "పాపం, ఆ పిల్ల..." అని అమ్మ వైపు చూసి ఆగిపోయారు.

"ఏడవలేదండీ" అంది అమ్మ అందరితో. "నాకసలు ఆ సంబంధమే ఇష్టం లేదు. ఫోటోలో ఈయన మూతి ముడుచుకుని ఉన్నారు. పడవ రాకపోతే పీడా పోతుందనుకుంటూ, డాబా ఎక్కి బూరెలు తింటున్నాను."

అందరూ పగలబడి నవ్వారు. నాన్న మాత్రం నవ్వలేదు. విజిల్ తాడు వేలికి చుట్టుకుంటూ నేల చూపులు చూస్తున్నారు. అమ్మ అనవసరంగా వచ్చిందనిపించింది నాకు.

"అప్పుడు పడవ కనిపించింది" అంది అమ్మ. "తాడు లాగేవాళ్ళలో ఒకాయన పట్టుపంచె కట్టుకున్నాడు. మోకాళ్ళ దాకా బురద. బుగ్గన పెట్టిన పెళ్ళిచుక్క చెమటకి గడ్డం దాకా కారిపోయింది. పెళ్ళికొడుకే దిగి లాగుతున్నాడు! నా కోసం ఇంత తొందరేంటి ఈ మనిషికి అనుకున్నా. చేతిలో బూరె అక్కడే పడేసి కిందికి పరిగెత్తాను."

ఈ ముక్క మేమెవరం ఎన్నడూ వినలేదు. నాన్న ముఖం ఎర్రబడింది.

"పరువు తీశావని మా మావయ్య తిట్టాడే. రేవు రాకముందే కాళ్ళు కడుక్కుని, పంచె మార్చుకుని పడవెక్కేశాను. ఎవరూ చూడలేదనుకున్నా. నువ్వు చూశావా?"

"చూడబట్టే కదా చేసుకున్నాను."

నాన్న విజిల్ నోట్లో పెట్టుకున్నారు. ఊదడానికి ఊపిరి చాల్లేదు. అమ్మ దాన్ని ఆయన దగ్గర్నుంచి తీసుకుని, కొంగుతో తుడిచి, గట్టిగా ఊదింది.

"జరగండి, ముందుకి జరగండి. ఆయనకి కాస్త చోటివ్వండి."