పోపులో గోధుమ

మా పాపకు గోధుమల్లోని గ్లూటెన్ పడదు. నిరుడు బొబ్బిలి నుంచి విశాఖ వెళ్లి, ఢిల్లీకి విమానం ఎక్కాం. ఎయిర్‌హోస్టెస్ తెచ్చిన భోజనాన్ని "మీ తిండిని నమ్మలేను" అని తిప్పి పంపేశాను. ఇంగువ దట్టించి నేనే చేసిన పులిహోర గర్వంగా తినిపించాను. గంట తిరక్కుండానే పాప వాంతులతో నా ఒళ్లో వాలిపోయింది. దిగేదాకా ప్రాణాలు అరచేతిలో పెట్టుకున్నాను.

పోపులో ఏం వేశారని డాక్టరు అడిగాక, ఇంటికొచ్చి ఇంగువ డబ్బా చదివాను. అందులో గోధుమపిండి ఉంది!

"రొట్టెల పిండి అంటిన సేత్తో పాపని ముట్టుకుంటే నా మీద ఎగిరేదానివి. నీ పోపులోనే ఉన్నాది కదే!" అంది అత్త.

ఇప్పుడు నేను ముద్ద కలిపినా పాప వెంటనే నోరు తెరవదు.

"అమ్మా, డబ్బా సదివినావా?" అని అడుగుతుంది.