కోటిరత్నం అఖండ దీపం

మిరప కల్లంలో పగలంతా తాలుకాయలు ఏరే కోటిరత్నానికి నోరు పెద్దది, గుండె మాత్రం కందిగింజంత. గడ్డ వచ్చి కుడి రొమ్ము తీసేశాక, రెండోదానికి రాకూడదని అమ్మవారికి మొక్కి, తను పడుకునే గది గూట్లో అఖండ దీపం పెట్టుకుంది. ఏడాదిగా దాన్ని కొండెక్కనివ్వలేదు. నూనె పోసేటప్పుడు ఊపిరి కూడా బిగబట్టేది. మొన్న పరీక్షకి గుంటూరు వెళితే డాక్టరమ్మ, "రాత్రిళ్ళు చీకట్లో పడుకోమ్మా. చీకట్లో మన ఒంట్లో మందులాంటిదొకటి ఊరుతుంది. గడ్డకి రక్తం మోసే నాళాల్ని అది పెరగనివ్వదేమోనని పరీక్షలు చేస్తున్నారు. ఇంకా తేలలేదులే, బిళ్ళలు మాత్రం మానకు" అని చెప్పింది. భయం పట్టిన చెవికి సగమే వినపడుతుంది. తేలలేదన్న మాట కోటిరత్నం చెవిన పడనేలేదు.

దీపం ఆర్పితే అమ్మవారికి కోపం, ఆర్పకపోతే గడ్డకి బలం. "మీరు నడవలో పడుకోండి అత్తయ్యా, దీపం నేను చూసుకుంటాను" అంది కోడలు సుభాషిణి. "పొయ్యి మీద పాలే చూడలేవు, నా ప్రాణం చూస్తావా?" అని పాతచీర చింపి, కళ్ళకి గంత కట్టుకుని ఆ గదిలోనే పడుకుంది. కట్టుకున్నాక ఇంకో బెంగ. కాస్త గాలి వీచేసరికి, "సుభా, వెలుగుతోందా?" అని కేకేసింది.

"వెలుగుతోంది అత్తయ్యా" అంది నడవలోంచి కోడలు.

"చూసి చెప్పావా, పక్కలోంచే చెప్పావా?"

కోటిరత్నం వేలితో గంత అంచు ఎత్తింది. దీపం నిటారుగా వెలుగుతోంది. అమ్మయ్య అనుకునేలోపే ఆ వెలుగు తన కంట్లో పడిందని గుర్తొచ్చి, మిగిలిన రొమ్ముని చేత్తో తడుముకోసాగింది.