అసలుది కాదన్న బ్యాటరీ

ఆ ఆదివారం తర్వాత చాలా రోజులు వెనక లైను వైపు పోవడానికి నాకు ముఖం చెల్లలేదు. తప్పు చేసి సిగ్గుపడితే ఒక దారి, చేయకుండా సిగ్గుపడితే ఎవరికి చెప్పుకోవాలి?

కోరమండల్‌లో కోలారు బంగారు గని కూలీల కోసం వరసలుగా కట్టిన లైను ఇళ్ళల్లో మాదొకటి. దాని ముందుగదే నా సెల్‌ఫోన్ రిపేరు అంగడి. గిరాకీ అంతా ఇరుగుపొరుగే, కాబట్టి ఒకరికి పని చెడితే లైను మొత్తానికీ తెలిసిపోతుంది. నాకున్న పెట్టుబడల్లా నా పేరే. మా నాయన రోజంతా గడప పక్కన కుర్చీలో కూర్చుని, నేను కసురుకున్నవాళ్ళను బుజ్జగిస్తూ ఉంటాడు. నా నోరు కొంచెం దురుసు. ఆయన లేకపోతే సగంమంది మళ్ళీ రారు.

వెనక లైనులో ఉండే ఒకతను రోజూ రైల్లో బెంగుళూరుకు ఉద్యోగానికి పోయి వస్తాడు. ఖరీదైన ఫోను. బ్యాటరీ ఉబ్బి స్క్రీను పైకి లేచింది. కంపెనీ సర్వీసు సెంటరువాళ్ళు చెప్పిన ధర వినగానే అతనికి నేను గుర్తొచ్చాను. అదే కంపెనీ, అదే మోడల్ ఫోను, బోర్డు పోయినది ఒకటి నా దగ్గర ఉంది. దాని బ్యాటరీ కొత్తదానిలా ఉంది. అదే తీసి వేశాను. వేసే ముందే చెప్పాను కూడా.

"బ్యాటరీ కంపెనీదే అప్పా. కానీ నీ ఫోను దీన్ని ఒప్పుకోదు. బ్యాటరీని బోర్డుతో జత చేసే సాఫ్ట్‌వేర్ మా మాదిరి అంగళ్ళకు ఇయ్యరు. అసలుది కాదని స్క్రీను మీద వస్తాది. పట్టించుకోవద్దు."

"ఛార్జింగు నిలిస్తే చాలక్కా," అని తీసుకుపోయాడు.

ఛార్జింగు బాగానే నిలిచింది. కానీ రైల్లో పక్కవాళ్ళెవరో స్క్రీను మీది మాట చదివి, ఎవరో నీకు బాగా టోపీ పెట్టారని నవ్వారట. ఆదివారం పొద్దున్నే వచ్చి నా ముందు నిలబడ్డాడు. అప్పటికే అంగట్లో ఇద్దరు ఆడవాళ్ళున్నారు.

"నా ఒరిజినల్ బ్యాటరీ యాడక్కా?"

బయట ఇసుక డబ్బాలో వేసి ఉంచిన ఉబ్బిన బ్యాటరీ తెచ్చి చూపించాను.

"ఇది నాదేనని ఏం గ్యారంటీ? నాది తీసి పెట్టుకొని డూప్లికేటు వేసినావు. నేను సుమ్నే, ఊరికే అంటా ఉండానా? ఫోనే చెప్తా ఉండాది కదా!"

ముందే చెప్పాను కదా అంటే దొంగ సాకులాగే వినిపిస్తుంది. అంత పెద్ద కంపెనీ స్క్రీను మీద రాసి చూపిస్తుంటే నా మాట ఎవరు నమ్ముతారు? ఆడవాళ్ళలో ఒకామె బల్ల మీదున్న తన ఫోను మెల్లగా తీసి కొంగులో పెట్టుకుంది. నాకు తల కొట్టేసినట్లయింది.

అప్పుడు మా నాయన లేచాడు. ఎప్పటిలాగే సర్దిచెబుతాడనుకున్నాను. ఆయన అతని ముందుకు పోయి, చొక్కా జేబు బయటికి లాగి, కాళ్ళు ఎడంగా పెట్టి, రెండు చేతులూ పైకెత్తాడు.

"చూడప్పా. నేనూ ఈ అంగట్లోనే ఉంటాను. నన్ను చూడు, ఇల్లు చూడు."

మా నాయన గనిలో పనిచేసినన్నాళ్ళూ, షిఫ్టు ముగించి పైకి వచ్చినప్పుడల్లా, బంగారం దాచుకున్నాడేమోనని కాపలావాళ్ళు ఒళ్ళంతా తడిమి వదిలేవాళ్ళు. అది నేను విన్న సంగతే. ఎట్లా నిలబడేవాడో ఎన్నడూ చూడలేదు. నా అంగట్లో, నా మూలంగా చూశాను.

"అయ్యో, మిమ్మల్ని అనలేదు పెద్దాయనా," అని గొణిగి అతను ఫోను తీసుకుని వెళ్ళిపోయాడు. ఆడవాళ్ళూ వెళ్ళిపోయారు.

"చేతులు దించు నాయనా," అన్నాను. ఏడుపూ కోపమూ కలిసి వస్తున్నాయి.

"చూడకుండానే పోయినాడే," అన్నాడు, చేతులు దించకుండా. "తడిమి చూసి, ఏమీ లేదని పంపించుంటే మన మాట నిలబడేది. చూడకుండా పోతే అనుమానం పోదమ్మా."

ఎంత బతిమాలినా దించడు. చివరికి నేనే దగ్గరికి పోయి, ముఖంలోకి చూడలేక తల వంచుకుని, చంకల కింద, నడుము చుట్టూ, జేబుల మీదా మా నాయనను తడిమాను.

"ఏమీ లేదు, పో," అన్నాను. అప్పుడు గాని దించలేదు.