నోన్నా ఆఖరి న్యోకీ

కెనడాలోని లండన్ అనగానే నాకు చదివిన యూనివర్సిటీ గుర్తుకు రాదు. వీధి మలుపులోని ఇటాలియన్ రెస్టారెంట్ గుర్తుకొస్తుంది. ఒక కుటుంబం నడిపేది. గళ్ల గుడ్డలు పరిచిన బల్లలు, గోడల నిండా వాళ్ల పెళ్లి ఫొటోలు, అడక్కుండానే మళ్లీ వచ్చే బ్రెడ్. స్టూడెంట్లు ఒక్క పిజ్జా తెప్పించుకుని గంటలకొద్దీ కూర్చున్నా ఎవరూ లేవమనేవారు కాదు. యజమాని తల్లి వంటింట్లోంచి వచ్చి, పరీక్షలకు చిక్కిపోయారంటూ పిల్లల బుగ్గలు పుణికేది. అందరికీ ఆవిడ నోన్నాయే, అంటే వాళ్ల భాషలో అమ్మమ్మ.

నేనక్కడ పార్ట్‌టైమ్ చేసేదాన్ని. చేతులు వణకడం మొదలయ్యాక నోన్నా న్యోకీ పని నాకు అప్పగించింది. ఉడికించిన బంగాళదుంపను మైదాతో కలిపి, చిన్న ముద్దలు చేసి, ఫోర్కు మీద దొర్లించాలి. మొదట్లో గట్టిగా పిసికితే నా వేళ్ల మీద కొట్టేది. చివరి ఏడాదంతా జనం మెచ్చుకుంటూ తిన్న నోన్నా న్యోకీ నేను చేసినవే. "నువ్వు మా ఇంటి పిల్లవే" అనేవాడు యజమాని. నమ్మాను. ఇల్లు వదిలి వచ్చినవాళ్లం ఆ మాటకు ఎంత తేలిగ్గా పడిపోతామో.

నోన్నా పోయింది. అంత్యక్రియల రోజు పొద్దున్నే, అందరితో కలిసి చర్చికి వెళ్దామని నల్ల డ్రెస్ వేసుకుని రెస్టారెంట్‌కు వెళ్లాను. యజమాని నన్ను పక్కకు పిలిచాడు.

"చర్చి నుంచి అందరూ ఇక్కడికే లంచ్‌కి వస్తారు. అమ్మ న్యోకీ నీకొక్కదానికే వచ్చు. ఇంటి పిల్లవి కాబట్టే అడుగుతున్నా."

మా వైపు చావు జరిగిన ఇంటివాళ్లు పొయ్యి వెలిగించరు, ఇరుగుపొరుగు వండి తెస్తారు. ఆ పొద్దున పొయ్యి వెలిగించింది నేనే. ఆవిడ ముఖం ఆఖరిసారి చూడలేకపోయాను. ఆ కడుపుమంట ఇంకా చల్లారలేదు.

భోజనాల దగ్గర, వాంకూవర్ నుంచి వచ్చిన నోన్నా కూతురు మొదటి ముద్దకే ఏడ్చేసింది. "ఇది అమ్మ చేతి వంటే" అంది. యజమాని చెల్లెలి భుజం మీద చెయ్యి వేశాడు.

"పోయే ముందు చేసి ఫ్రీజర్‌లో పెట్టింది. ఇవే ఆఖరివి."

ఆవిడ తలెత్తి నన్ను అడిగింది, "నిజంగానా?"

పిండి అంటిన చేతులు ఏప్రన్‌లో దాచుకున్నాను. అతను నా వైపే చూస్తున్నాడు. ఇంటి గుట్టు కాపాడాల్సిన ఇంటి పిల్లను కదా, అవునన్నాను.